గోడ మీద నానమ్మ, గోడ వెనక నానమ్మ

మా నానమ్మ ఒకే ఇంట్లో రెండుచోట్ల ఉండేది. గోడకి బయటివైపు పడుచుగా, నల్లటి జుట్టుతో, రెండు చేతులూ చాచి నిలబడి ఉండేది. లోపలివైపు మోకాళ్ల నొప్పులతో, మా తాతను తిడుతూ కూర్చుని ఉండేది. బయట ఉన్నావిడతో ఫోటో దిగడానికి ఎక్కడెక్కడి మనుషులో వచ్చేవారు. లోపల ఉన్నావిడ మంచినీళ్లడిగితే పలికేదాన్ని నేనొక్కదాన్నే. ఇద్దరికీ మధ్య ఇటుక మందం అడ్డు. ఆ అడ్డు పెట్టింది మా తాత.

తాత బోర్డులు రాసేవాడు. మందుల కొట్టు, మంగలి షాపు, సైకిల్ రిపేరు, బడి, ఆఖరికి 'ఇక్కడ చెత్త వేయరాదు' అన్న పలక కూడా ఆయన చేతి రాతే. ఆ పలక కింద చెత్త వేసేవాళ్లలో మా నానమ్మే మొదటిది. తాతకు పనిలో ఒక పిచ్చి ఉండేది. రేకు గానీ, చెక్క గానీ, గోడ గానీ నున్నగా అయితే తప్ప కుంచె ముట్టేవాడు కాదు. చిన్న మేకు రంధ్రం కనిపించినా పుట్టీ పెట్టి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అరచేత్తో తడిమి చూసుకుని, అప్పుడు సుద్దపొడి అద్దిన దారం లాగి గీత కొట్టేవాడు. కొట్టువాళ్లు తొందరపెడితే, "కన్నమున్న చోట రంగు నిలవదండీ" అనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా ఇంటి గొడవంతా ఇందులోంచే పుట్టింది.

వరద వచ్చినప్పుడు నేను చంటిపిల్లని. కాబట్టి ఇదంతా విన్నదే. కాకపోతే ఎన్నిసార్లు విన్నానంటే, కళ్లు మూసుకుంటే నీళ్లు కనిపిస్తాయి. ఏటిగట్టు తెల్లవారుతూనే తెగింది. మా ఇల్లు పై వీధికీ దిగువ వీధికీ సరిహద్దు మీద ఉంటుంది. రెండు గదులు, లోపలినుంచే మెట్లు, పైన డాబా. వీధివైపు గదికి ఒకే తలుపు, ఊచల్లేని ఒక పెద్ద కిటికీ. వీధి ఏరై పారుతుంటే నానమ్మ ఆ కిటికీ దగ్గర నిలబడి, కొట్టుకొస్తున్నవాళ్లను చేతులు పట్టుకుని లోపలికి లాగింది. తాత వాళ్లను మెట్లెక్కించి డాబా మీదకు చేర్చాడు. లాగుతూ లాగుతూ ఉండగానే గదిలో నీళ్లు ఆవిడ ఛాతీదాకా వచ్చేశాయి. ఇక పైకి పోదామని తిరిగితే, నీటి తోపుడుకి తలుపు మూసుకుపోయి బిగుసుకుంది. అందరూ పైన, ఆవిడొక్కతే కింద. అప్పుడు కాలవాయన డాబా అంచు మీద బోర్లా పడుకుని, ముడులు వేసిన చీర కిందికి జారవిడిచి, కిటికీలోంచి ఆవిడను పైకి లాగాడు.

కాలవాయన అంటే మురుగు కాలవలు బాగుచేసే ఆయన. దిగువ వీధి మనిషి. అంతకుముందు పై వీధిలోకి వస్తే కాలవ వెంట రావాలి, కాలవ వెంటే పోవాలి. ఎవరి గడపా తొక్కకూడదు, ఎవరి కుళాయీ ముట్టుకోకూడదు. ఆ పూట ఆయన మిల్లు యజమాని తల్లి పక్కన, ఒకే టార్పాలిన్ కింద కూర్చున్నాడు. ఆవిడను అందరూ పెద్దమ్మ అంటారు. చుట్టూ సముద్రమంత నీళ్లున్నా తాగడానికి ఉన్నవి కాలవాయన చేతిలోని రేకు డబ్బాలోనే. పెద్దమ్మ డబ్బావైపు కాసేపు, ఆకాశంవైపు కాసేపు చూసింది. తర్వాత దోసిలి పట్టింది. ఆయన పోశాడు.

నీళ్లు తీశాక తాత మంచమెక్కాడు. ఆయన రాసిన బోర్డులు ఒక్కటీ మిగల్లేదు. కొన్ని కొట్టుకుపోయాయి, కొన్ని వంగిపోయి బురదలో దొరికాయి. మందుల కొట్టు బోర్డును ఎవరో కోళ్ల గూటికి పైకప్పుగా వేసుకున్నారు. అన్నేళ్ల చేతిపని ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే తినేవాడు, లేవమంటే లేచేవాడు కాదు. నానమ్మ బతిమాలింది, తిట్టింది, మంచం కోళ్లను కాలితో తన్నింది. కోడు ఒకటి విరిగింది గానీ తాత కదల్లేదు.

ఒకరోజు తనంతట తనే లేచి, "ఏమే, ఆ రోజు డాబా మీద ఉన్నవాళ్లందరినీ మన గోడ మీద వేస్తాను. వీధివైపు గోడ మొత్తం కావాలి" అన్నాడు.

"వేసుకో. అడ్డమెవరు?"

"కిటికీ అడ్డం. మధ్యలో కన్నం పెట్టుకుని బొమ్మెలా వేస్తాను?"

నానమ్మ కిటికీ వైపు చూసిందట. తర్వాత కొంగు బిగించి, పెరట్లో కూలిన ప్రహరీ ఇటుకలు తెచ్చి తనే అందించిందట. తాత పేర్చాడు. కిటికీ పూడింది. పైన సిమెంటు, దాని మీద సున్నం, దాని మీద పుట్టీ. అరచేత్తో తడిమి చూసుకుంటే, కిటికీ ఎక్కడుండేదో ఆయనకే తెలియనంత నున్నగా వచ్చింది. పూడ్చిన కిటికీ మీద సరిగ్గా అక్కడే కిటికీ బొమ్మ వేసి, అందులో నానమ్మను నిలబెట్టాడు. ఇంత తెలివి ఇంకెవరికైనా ఉంటుందా? ఉన్న కిటికీ మూసి, లేని కిటికీ గీశాడు!

ఆ బొమ్మ చూస్తే మాత్రం ఎంత వెటకారం చేసే నాకైనా నోట మాట రాదు. కింద గోధుమరంగు నీళ్లు. కిటికీలోంచి బయటికి చాచిన రెండు చేతులు, ఆ చేతుల్ని పట్టుకుని పెద్దమ్మ. పైన డాబా మీద మళ్లీ పెద్దమ్మే, కాలవాయన పోస్తున్న నీళ్లు దోసిలితో తాగుతూ. చుట్టూ పై వీధి, దిగువ వీధి, భుజాలు రాసుకుంటూ. ఒక మూలన గుడ్డల మూట ఉంటుంది, అది నేను. ముక్కు ఒక్కటే కనబడుతుంది, అదీ వంకరగా వేశాడు.

బొమ్మ ఆరకముందే మిల్లాయన వచ్చాడు.

"మేస్త్రీ, బొమ్మ బాగుంది. మా అమ్మను కాస్త ఆ చివరికి కూర్చోబెట్టు. చేతికి ఒక గ్లాసు ఇవ్వు."

"అక్కడ గ్లాసు లేదండీ."

"బొమ్మే కదయ్యా! నీ దగ్గర రంగుకేమైనా కరువా?"

"రంగుంది. మీ అమ్మగారినొకసారి అడిగి వేస్తాను."

మర్నాడు పెద్దమ్మే కర్ర పట్టుకుని వచ్చింది. గోడ ముందు నిలబడి చాలాసేపు చూసింది. "నా ముక్కు ఇంత పొడుగా?" అంది మొదట. తర్వాత కొడుకు వైపు తిరిగి, "దాహం వేసింది నాకు. నీళ్లున్నవి అతని దగ్గర. ఆ పూట నువ్వెక్కడున్నావురా?" అంది. మిల్లాయన ఆ పూట అత్తారింట్లో ఉన్నాడు. ఇక గ్లాసు మాట ఎత్తలేదు.

రోజూ కళ్లెదుట కనబడేదాన్ని కాదనడం కష్టం. కొన్నాళ్లకి పై వీధి కుళాయి దగ్గర దిగువ వీధి బిందెలు కూడా వరసలోకి వచ్చాయి. ఎవరైనా మూతి ముడిస్తే, "గోడ మీద నా పక్కనే కూర్చున్నావు కదమ్మా, ఇక్కడేం నొప్పి?" అని అడిగేవాళ్లు. కాలవాయన మిల్లు వసారాలో కూర్చుని టీ తాగడం నేను నా కళ్లతో చూశాను. అందరూ తాగే గ్లాసులోనే, అందరూ కూర్చునే బల్ల మీదే. ఒక బోర్డు రాసే మనిషి ఇంతకన్నా ఏం చేయగలడు?

కానీ అక్కడితో తాత ఇరుక్కుపోయాడు. గోడ పేరు మోగిపోయింది. బడిపిల్లలు, అధికారులు, కెమెరాలవాళ్లు. మిల్లాయన వీధి సంఘం పెట్టి, దానికి తనే అధ్యక్షుడై, గోడకి ఇనప కంచె వేయించాడు. గోడలో మేకు కొట్టరాదని తీర్మానం చేశాడు. మా ఇంటి గోడకి మేకు కొట్టాలంటే మేము మిల్లాయన్ను అడగాలి! తాత ఇంకో బొమ్మ వేద్దామంటే ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. బడికి చెట్టు వేస్తానంటే, "వరదే వెయ్యండి తాతగారూ" అన్నారు. ఏటా వాన వెలిశాక ఆ ముఖాలకే మళ్లీ రంగు. అందులో బతికున్నవాళ్ల పేచీలు వేరే. మంగలి వచ్చి, "నాకప్పుడు జుట్టుండేది, ఇంకాస్త దట్టంగా వెయ్యి" అనేవాడు. దర్జీ భార్య తనను సన్నం చేయమనేది. తాత రోజంతా కంచె దగ్గర స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్లకల్లా అదే కథ, అవే మాటలు, అక్కడే దగ్గు. నేను పెదవులు కదుపుతూ ఆయన వెనక నిలబడి అనుకరిస్తే పిల్లలు నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు తెలిసేది కాదు.

ఇక లోపల. ఆ గదిలో మధ్యాహ్నం కూడా దీపం కావాలి. గాలి ఎటునుంచీ రాదు, రంగుల వాసన ఎటూ పోదు. నానమ్మ మంచం ఆ గదిలోనే, కానీ ఆవిడ ఆ మంచం మీద పడుకున్నది లేదు. గడప మీద సగం గదిలో, సగం బయట చాప వేసుకుని, తలుపు మూయడానికి వీల్లేకుండా పడుకునేది. ఎండాకాలమైనా అంతే, చలికాలమైనా అంతే. "మా ఇంటికి కాపలా మా నానమ్మే" అని నేను ఏడిపించేదాన్ని. "నోరు మూసుకో, వంకరముక్కు దానా" అనేది.

ఆయాసం మొదలయ్యాక డాక్టరు గాలి తగిలే గదిలో ఉండమన్నాడు. ఆ సాయంత్రం నానమ్మ అడిగింది.

"ఏమయ్యా, నా కిటికీ నాకు తెరిపించు."

తాత తినడం ఆపాడు. "కిటికీ మీదేగా నువ్వుంది."

"గోడ మీద నన్ను పడుచుదాన్ని చేసి నిలబెట్టావు. గోడ వెనక ముసలిదాన్ని చేసి కూర్చోబెట్టావు. రెండోదానికి ఊపిరాడటం లేదు."

"చూద్దాంలే."

తాత చూద్దామంటే, ఇక చూడడని అర్థం. ఫ్యాను తెచ్చాడు. అది ఆ గదిలో ఉన్న వేడినే మళ్లీ మళ్లీ మా మొహాన కొట్టేది. నేను తాపీమేస్త్రిని పిలుచుకొస్తే మిల్లాయన కంచె దగ్గరే ఆపేశాడు. "ఇది ఊరి గోడ. పెద్ద అధికారి చూడటానికి వస్తున్నాడు" అన్నాడు. తాత ఆయన్ను ఎదిరించలేదు. ఎదిరించకపోవడమే కాదు, కాస్త ఊరటపడ్డట్టు కూడా కనిపించాడు. ఆ ముఖం నానమ్మ చూసింది. చాపను ఇంకొంచెం బయటికి జరుపుకుంది.

ఆ వానాకాలం ముసురు పట్టి, ఇంట్లో తలుపులన్నీ తేమకు ఉబ్బాయి. ఒకరోజు వాన తెరిపిచ్చాక బడిపిల్లలు టీచరమ్మతో వచ్చారు. ఇల్లంతా పిల్లలు తిరుగుతున్నారని నానమ్మ చీర మార్చుకోవడానికి తలుపు గట్టిగా నెట్టి మూసింది. నేను పాల పాకెట్టుకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి తాత స్టూలు దిగి, గోడ ముందు నిలబడి కథ మంచి పట్టులో చెబుతున్నాడు.

"ఈ కిటికీలోంచే మా ఆవిడ అందరినీ లాగింది. భయమన్నది ఎరగదు..."

ఠప్, ఠప్ అని ఎక్కడో చప్పుడు. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు.

"తాతగారూ, బొమ్మ కొడుతోంది!"

అందరూ పకపకా నవ్వారు. తాత కూడా నవ్వాడు. "పక్కింట్లో ఏదో దంచుతున్నారమ్మా" అని, అలవాటుగా అరచెయ్యి గోడ మీద పెట్టాడు. సరిగ్గా బొమ్మలోని నానమ్మ గుండెల మీద. అప్పుడు చూశాను ఆయన మొహం. చెయ్యి కింద గోడ కొట్టుకుంటోంది. ఠప్, ఠప్. తర్వాత కాస్త ఆగి, నెమ్మదిగా, ఠప్.

తాత పరుగెత్తగలడని నాకు ఆ రోజు తెలిసింది. తలుపు తోస్తే రాలేదు. ఇద్దరం తోసినా రాలేదు. లోపలినుంచి మాట లేదు, గీరుతున్న చప్పుడొక్కటే. నేను వీధిలోకి వెళ్లి అరిచిన అరుపుకి కాలవాయన గునపం పట్టుకునే వచ్చాడు. "వదినా, తలుపుకి దూరంగా జరుగు" అని సందులో గునపం దూర్చి పెకిలించాడు. తలుపు విరిగి పడింది.

నానమ్మ తలుపు దగ్గర లేదు. కిటికీ ఉండాల్సిన చోట, గోడకి రెండు అరచేతులూ ఆనించి, నుదురు ఆనించి నిలబడి ఉంది. చేతులు కొట్టుకుపోయి ఎర్రగా ఉన్నాయి. మేం పట్టుకుని తెచ్చి అరుగు మీద కూర్చోబెడితే, నోరు తెరిచి గాలి మింగింది. పిల్లలు కంచె దగ్గర నిలబడి, బొమ్మనూ ఆవిడనూ మార్చి మార్చి చూశారు. ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ వాళ్లను తీసుకుని వెళ్లిపోయింది.

కాలవాయన పక్కన చతికిలబడి, "ఆ రోజూ ఇట్లాగే కొట్టింది అన్నా, లోపలినుంచి తలుపు. నువ్వు డాబాకి అవతలివైపు ఉన్నావు. నీకు వినపడలేదు. తలుపు వదిలేసి కిటికీకి వచ్చింది కాబట్టి నాకు అందింది" అన్నాడు.

తాత నానమ్మ వైపు తిరిగాడు. "అంత భయపడ్డావని నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెబితే?"

"కిటికీ పూడ్చేవాణ్ని కాదుగా!"

"అదే. గోడకి తిరిగి పడుకున్నవాడివి, గోడ కావాలని లేచావు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "తీసుకోమన్నాను."

తాత లేచి లోపలికి పోయాడు. ఉలి, సుత్తి తీసుకుని వస్తాడనుకున్నాను. తెచ్చాడు. వాటితోపాటు సుద్దపొడి, దారం, నిలువు చూసే తూకపు గుండు కూడా తెచ్చాడు! భార్య ప్రాణం మీదికి వచ్చి పోయిందా, ఈయన నాకు దారం ఒక కొస ఇచ్చి, "గట్టిగా పట్టుకో, వంకర పోతే ఊరుకోను" అంటాడు. బొమ్మ కిటికీ చుట్టూ నాలుగు తెల్లటి గీతలు కొట్టాడు. అంత శుభ్రంగా గీతలు కొట్టినవాడు ఉలి పెట్టడానికి మాత్రం చోటు వెతుక్కుంటున్నాడు. కొప్పు మీద పెట్టి తీశాడు. భుజం మీద పెట్టి తీశాడు.

ఈలోగా మిల్లాయన గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. "మేస్త్రీ! ఏమిటిది? మతి పోయిందా? అధికారి వస్తున్నాడు! ఆ బొమ్మ లేకపోతే ఇక నీ బతుకులో ఏముంది?"

నిజంగానే ఏమీ లేదు. తాత ఉలి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నానమ్మ అరుగు మీదనుంచి పిలిచింది. "ఏమయ్యా, మొహం మీద కొట్టు. నాకేం నొప్పి పుట్టదులే. నేనిక్కడున్నాను."

తాత ఆవిడ వైపు చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని కొట్టాడు.

పడుచు నానమ్మ పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఒక కన్ను నా కాళ్ల దగ్గర పడింది. కాలవాయన అందుకున్నాడు, ఇద్దరూ మార్చి మార్చి కొట్టారు. మిల్లాయన గొడుగు ముడుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆయన తల్లి పోయి చాలాకాలమైంది. ఇటుకలు ఆవిడ బొమ్మ వైపుగా జారుతుంటే, ఎందుకో మరి, ముందుకొచ్చి గొడుగు అడ్డం పెట్టాడు. "మా అమ్మ మీద పడకుండా చూడండయ్యా" అని గొణిగాడు.

చీకటి పడేలోపు కిటికీ తెరుచుకుంది. గీత ప్రకారం, అంగుళం తేడా లేకుండా. బొమ్మలోని చేతులు మాత్రం కిటికీ అంచుకి బయట ఉన్నాయి కాబట్టి మిగిలాయి. ముంజేతుల దగ్గరనుంచి మొదలై, పెద్దమ్మ చేతులు పట్టుకుని ఉన్నాయి. వాటికి మనిషి లేదు.

పెద్ద అధికారి వచ్చి, చూసి, "ఈ కన్నమేమిటి?" అని అడిగి వెళ్లిపోయాడు. సంఘం ఇప్పటికీ పూడ్చమంటూనే ఉంది. తాత మాత్రం బయట స్టూలు మీద కూర్చోవడం మానేశాడు. గోడవైపు చూడలేడు. స్టూలు లోపలికి తెచ్చుకుని, గదిలో కిటికీ పక్కన కూర్చుంటాడు. కుంచెలు డబ్బాలో ఎండిపోయాయి. బడివాళ్లు చెట్టు వేయమని కబురు పంపినా లేవలేదు. ఆయన మళ్లీ గోడకి తిరిగి పడుకుంటాడేమోనని నాకు భయం. పడుకోలేదు. ఆ వైపు ఇప్పుడు గోడ లేదుగా.

నానమ్మ మంచం కిటికీ కిందికి వచ్చింది. చాప మడిచి అటక మీద పెట్టాను. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి కంచె బయటనుంచి అరుస్తుంటారు. "ఆ చేతులు ఎవరివండీ?"

"నావే" అంటుంది నానమ్మ, కిటికీలోంచి. "తల దువ్వుకుంటున్నాను. పనేమైనా ఉందా?"

మొన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి జోరువాన పట్టుకుంది. జల్లు తిన్నగా మంచం మీదికే. తాత గబుక్కున లేచి, కొత్తగా పెట్టించిన కిటికీ రెక్కల మీద చెయ్యి వేశాడు.

"వేశావంటే చూడు" అంది నానమ్మ కళ్లు తెరవకుండానే.

తాత చెయ్యి తీశాడు. కాసేపు వాననీ, ఆవిడనీ చూశాడు. వెళ్లి గొడుగు తెచ్చి, విప్పి, మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆవిడ మీద పట్టుకుని కూర్చున్నాడు.

"నీ వీపు తడుస్తోంది" అన్నాను.

"పోవే, వంకరముక్కు దానా" అన్నాడు.